ఉద్యోగం వదిలి సైకిల్ రేసింగ్‌లోకి వెళ్లాలనిపిస్తోంది. "ఎందుకురా?" అని నాన్న అడిగితే జవాబు దొరకలేదు

నార్సింగి_సాయి | శనివారం రాత్రి 10:20

అందరికీ నమస్తే. ఇక్కడ మామూలుగా టైర్లు, గేర్లు, రూట్ల గురించి అడుగుతుంటాను. ఈసారి వేరే ప్రశ్న.

నాకు 23 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బీటెక్ చివర్లో సైకిల్ ఎక్కాను. మొదట్లో గండిపేట దాకా వెళ్లి టీ తాగి వచ్చేవాణ్ని. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ తెరిచాక రోజూ పొద్దున్నే అక్కడే. కుక్కలు, లారీల గొడవ లేకుండా తల వంచుకుని తొక్కగలిగే 23 కిలోమీటర్లు దొరకడం నాకు పెద్ద మార్పు. ఇంటర్వెల్స్ (కొన్ని నిమిషాలు గట్టిగా, కొన్ని నిమిషాలు నెమ్మదిగా తొక్కడం) అక్కడే నేర్చుకున్నాను. ఈ ఏడాది స్టేట్ రోడ్ ఛాంపియన్‌షిప్‌లో మూడో స్థానం వచ్చింది. ముందున్న ఇద్దరితో చివరి రెండు వందల మీటర్ల దాకా పక్కపక్కనే ఉన్నాను. అక్కడ వదిలేశాను.

అప్పటినుంచి ఆఫీసులో మనసు నిలవడం లేదు. రెండేళ్లు ఉద్యోగం పక్కన పెట్టి పూర్తిగా దీనికే ఇస్తే కాంటినెంటల్ టీమ్ (అంతర్జాతీయ రేసింగ్ జట్లలో మూడో అంచె) దాకా వెళ్లగలనేమో అనిపిస్తోంది. ఇంట్లో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. నాన్న కోప్పడలేదు కూడా, "ఎందుకురా?" అని ఒక్క మాట అడిగారు. డబ్బు కోసం అందామంటే ఇప్పుడొస్తున్న జీతమే ఎక్కువ. పేరు కోసం అందామంటే మన దగ్గర సైక్లిస్టుల పేర్లు ఎంతమందికి తెలుసు?

రేసుల్లో దిగినవాళ్లు, ఆ దారిలో వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మిమ్మల్ని ఏది లాక్కెళ్లింది?

బీఆర్ఎం_భాస్కర్ | శనివారం రాత్రి 11:05

తమ్ముడూ, ముందు బ్రెవేలు చూడు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరప్రయాణాలు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 400 ఇరవై ఏడు గంటల్లో, 600 నలభై గంటల్లో. నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తి చేస్తే సూపర్ రాండొన్నర్. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో పారిస్-బ్రెస్ట్-పారిస్ ఉంది. 1200 కిలోమీటర్లు, 90 గంటలు, నాలుగేళ్లకోసారి. తర్వాతిది 2027లో. హైదరాబాద్ నుంచి వెళ్లి పూర్తి చేసినవాళ్లు మన మధ్యే ఉన్నారు.

ఉద్యోగం చేసుకుంటూ ఇదంతా చేయొచ్చు. నాకు 48. బ్యాంకులో పని. రాత్రి రెండు గంటలకు జడ్చర్ల దాటి ఒంటరిగా తొక్కుతుంటే కలిగే ఆనందం ఏ పతకమూ ఇవ్వదని నా నమ్మకం. నీకు కావలసింది కూడా అదేనేమో ఒకసారి చూసుకో.

నార్సింగి_సాయి | శనివారం రాత్రి 11:30

భాస్కర్ అన్నా, 200 బ్రెవే చేశాను. చాలా బాగా అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ అందులో ర్యాంకులు ఉండవు కదా. అది తెలిసి కూడా ప్రతి కంట్రోల్ (దారిలో ముద్ర వేయించుకునే చోటు) దగ్గర నాకంటే ముందు ఎవరు వెళ్లారు, ఎంతసేపటి కింద వెళ్లారు అని అడుగుతూనే ఉన్నాను. కార్డు మీద ముద్ర వేసే పెద్దాయన నవ్వి, "బాబూ, ఇది రేసు కాదు" అన్నారు. ఆయన అన్నది నిజం. నాకు కావలసింది మాత్రం రేసే.

లాలాగూడ_రాజు | ఆదివారం ఉదయం 6:10

సాయి బాబూ, మీ నాన్న అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. మా నాన్న నన్ను అడగలేదు. అవసరం రాలేదు. ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు.

నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. మేం నలుగురం అన్నదమ్ములం. 80ల్లో మా పేటలో కుర్రాడు సైకిల్ రేసుల్లోకి వెళ్లాడంటే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం కోసమే. స్టీల్ ఫ్రేమ్, పెడల్‌కు తోలు పట్టీలు, రిమ్‌కు జిగురుతో అంటించే ట్యూబులర్ టైర్లు. పంక్చర్ అయితే టైరు కుట్లు విప్పి, లోపలి ట్యూబ్‌కు ప్యాచ్ వేసి, మళ్లీ కుట్టి అంటించాలి. మా అమ్మ జాకెట్లు కుట్టే సూదితోనే కుట్టేవాణ్ని. తెల్లవారకముందే బయల్దేరి భువనగిరి దాకా వెళ్లి వచ్చేవాళ్లం. ఇప్పటికీ మన దేశంలో రోడ్ రేసింగ్‌లో రైల్వేస్, సర్వీసెస్ (సైనిక దళాల) జట్లు బలంగా ఉండడానికి కారణం అదే. తిండికి లోటు లేకుండా, డ్యూటీలో మినహాయింపుతో ట్రైనింగ్ చేసుకునే వీలు వాళ్లకే ఉంది. మన దగ్గర 'ప్రొఫెషనల్' అన్న మాట ఎవరూ వాడరు గానీ, నెలజీతం తీసుకుంటూ సైకిల్ తొక్కేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు.

ఉద్యోగం వచ్చింది. మాతో పాటు చేరినవాళ్లలో చాలామంది రెండు మూడేళ్లలో సైకిల్ అటక మీద పెట్టేశారు. వాళ్లను తప్పు పట్టను. దేనికోసం వచ్చారో అది దొరికింది. నేను ఎందుకు ఆగలేదో చెబుతాను, నీకు పనికొస్తుందేమో.

ఒకసారి నేషనల్స్‌లో సర్వీసెస్ కుర్రాళ్లు ఎత్తు మీద అటాక్ చేశారు, అంటే ఒక్కసారిగా వేగం పెంచి విడిపోబోయారు. నేను వాళ్ల వెనక చక్రాన్ని అంటుకునే ఉన్నాను. పది సెకన్లో, ఇరవై సెకన్లో పట్టుకున్నాను. తర్వాత మధ్యలో సైకిల్ పొడవంత ఖాళీ వచ్చింది. ఆ ఖాళీ ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. కాళ్లు నిజంగా అయిపోయాయా, లేక నేనే చాలనుకున్నానా? ఆ రాత్రి హాస్టల్లో పడుకుని దీని గురించే ఆలోచించాను. మళ్లీ ఆ చోటికి వెళ్లి తేల్చుకోవాలనిపించింది. ఒంటరిగా తొక్కితే ఆ చోటికి వెళ్లలేం బాబూ. ఎంత గట్టిగా తొక్కినా ఎక్కడో మనకు మనం సర్దిచెప్పుకుంటాం. పక్కనవాడు అటాక్ చేస్తేనే ఆ ప్రశ్న ఎదురవుతుంది. దానికోసమే ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తొక్కాను.

నువ్వు చివరి రెండు వందల మీటర్ల దగ్గర 'వదిలేశాను' అని రాశావు. 'అయిపోయాను' అనలేదు. గమనించావా?

సునీత_మొయినాబాద్ | ఆదివారం ఉదయం 8:45

రాజు గారూ, మీ పోస్టు చదివి చాలాసేపు ఆలోచించాను.

నేను పాప పుట్టాక, 31లో సైకిల్ మొదలుపెట్టాను. బరువు తగ్గడానికే. ఏడాది తిరగకుండానే వయసులో పెద్దవాళ్లకు పెట్టే మాస్టర్స్ రేసుకు వెళ్లాను. నా కారణం మీ కారణానికి కొంచెం వేరు. ఇంట్లో, ఆఫీసులో నేను చేసే పనికి కొలత లేదు. ఎంత చేసినా ఇంకా మిగిలే ఉంటుంది, బాగా చేశానో లేదో ఎవరూ చెప్పరు. ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో గీత దాటగానే నిమిషాలు, సెకన్లు కనబడతాయి. అందులో ఎవరి దయా లేదు. నేను చేసిన పని మొత్తం నాదిగా కనబడిన మొదటి చోటు అది. ఇది చిన్న కారణం అనుకోవద్దు.

సాయీ, నీలాంటివాళ్ల కథలు రెండు చెప్తాను. అన్నా కీసెన్‌హోఫర్ ఆస్ట్రియాకు చెందిన గణిత పరిశోధకురాలు. ఒకసారి ప్రొఫెషనల్ టీమ్‌లో కొద్దికాలం ఉండి బయటికి వచ్చేసింది. టోక్యో ఒలింపిక్స్‌కు వచ్చేనాటికి కాంట్రాక్టు లేదు. రోడ్ రేసు 137 కిలోమీటర్లు. జెండా ఊపగానే అటాక్ చేసిన గుంపులో ఉంది, చివరి నలభై కిలోమీటర్లు ఒక్కతే తొక్కి స్వర్ణం గెలిచింది. ఒలింపిక్స్‌లో జట్టు నుంచి కబురందే రేడియోలు ఉండవు కాబట్టి వెనకున్న నెదర్లాండ్స్ రైడర్ వాన్ వ్లూటెన్ తనే గెలిచాననుకుని చేతులెత్తింది. రెండో కథ ఎవెలిన్ స్టీవెన్స్‌ది. న్యూయార్క్‌లో ఫైనాన్స్ ఉద్యోగం వదిలి రేసింగ్‌కు వచ్చింది. 2016లో గంటలో 47.980 కిలోమీటర్లు తొక్కి అవర్ రికార్డు పెట్టింది.

అయితే డబ్బు సంగతి కూడా తెలుసుకో. అన్నిటికంటే పై స్థాయి అయిన మహిళల వరల్డ్‌టూర్ జట్లకు కనీస వేతనం అన్నదే 2020లో వచ్చింది, అదీ ఏడాదికి 15 వేల యూరోలతో మొదలైంది. నువ్వు చూస్తున్న కాంటినెంటల్ స్థాయిలో మగవాళ్లకు ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ కనీస వేతనం ఏదీ పెట్టలేదు. సైకిల్, జెర్సీ, ప్రయాణం ఖర్చులు ఇచ్చి సరిపెట్టే జట్లు ఉంటాయి. "కాంటినెంటల్‌కు వెళ్తే సెటిల్ అవుతాను" అని ఇంట్లో చెప్పొద్దు.

డాక్టర్_వికాస్ | ఆదివారం మధ్యాహ్నం 1:15

స్పోర్ట్స్ మెడిసిన్ చేస్తాను, కాబట్టి నా మాటలు అంకెల వైపు వెళ్తాయి.

సాయీ, నీ ఎఫ్‌టీపీ ఎంత? గంటసేపు నిలబెట్టుకోగల ఆ శక్తిని బరువుతో భాగిస్తే చాలా విషయాలు తేలిపోతాయి. 62 కిలోల మనిషి కిలోకు 4 వాట్లు అంటే 248 వాట్లు. మన వీకెండ్ గ్రూపుల్లో అది మంచి అంకె. ప్రపంచ స్థాయి క్లైంబర్లు అరగంట ఎత్తు మీద కిలోకు 6 వాట్లు దాటతారు. అంటే అదే మనిషికి 372. ఈ తేడా కేవలం తపనతో పూడదు, పుట్టుకతో వచ్చేది కొంత ఉంటుంది.

ఆలస్యంగా వచ్చి పైకి వెళ్లినవాళ్లని అందరూ ఉదాహరణగా చెప్తారు. ప్రిమోజ్ రోగ్లిచ్ స్కీ జంపర్, 2007లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ జట్టులో ఉన్నాడు. ఇరవై దాటాక సైకిల్‌కు వచ్చి స్పెయిన్‌లో జరిగే మూడు వారాల రేసు వుయెల్టా నాలుగుసార్లు, ఇటలీలో అలాంటిదే అయిన జిరో ది ఇటాలియా ఒకసారి గెలిచాడు. మైకేల్ వుడ్స్ నాలుగు నిమిషాల లోపు మైలు పరిగెత్తినవాడు. పాదానికి గాయాలై పరుగు ఆగిపోతే సైకిల్ ఎక్కాడు, 2023లో టూర్ డి ఫ్రాన్స్‌లో పుయీ ద డోమ్ కొండ మీద స్టేజ్ (ఒక రోజు దశ) గెలిచాడు. అప్పటికి వయసు 36. జే వైన్ 2020లో ఇంట్లో ట్రైనర్ మీద తొక్కే జ్విఫ్ట్ అకాడమీ పోటీ గెలిచి కాంట్రాక్టు సంపాదించాడు, 2022 వుయెల్టాలో రెండు స్టేజీలు కొట్టాడు. రోగ్లిచ్, వుడ్స్ ఇద్దరూ సైకిల్‌కు రాకముందే వేరే ఆటలో ఏళ్లతరబడి శిక్షణ పొందిన క్రీడాకారులు. వైన్ కూడా అంతకుముందే రేసుల్లో ఉన్నవాడు. "ఆలస్యం అయినా పర్లేదు" అనడానికి వాళ్లను చూపించేటప్పుడు ఆ ముక్క వదిలేయొద్దు.

రాజు గారు అడిగినదాని మీద ఒక ప్రయోగం ఉంది. 2010లో మార్కోరా, స్టయానో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొందరు రగ్బీ ఆటగాళ్లని 242 వాట్ల దగ్గర ఇక తొక్కలేం అనేదాకా తొక్కించారు. ఆపేసిన వెంటనే ఐదు సెకన్లు ఉన్న శక్తినంతా పెట్టమంటే సగటున 731 వాట్లు వచ్చాయి. 242 కూడా రావట్లేదన్న మనుషులకు! కండరాలు అయిపోయి కాదు, ఆ శ్రమ ఇక భరించలేనిదిగా అనిపించి ఆపుతారు అని వాళ్ల వాదన. ఒప్పుకోనివాళ్లు కూడా ఉన్నారు. ఐదు సెకన్ల స్ప్రింట్‌కు వాడే శక్తి, నిమిషాల తరబడి తొక్కడానికి వాడేది ఒకటి కాదు, రెంటినీ పోల్చకూడదు అంటారు. నేను మధ్యలో ఉన్నాను. కానీ రాజు గారి ప్రశ్న వెర్రి ప్రశ్న కాదని మాత్రం చెప్పగలను. ల్యాబుల్లో ఇంకా దాని మీదే తగువులాడుతున్నారు.

ఒక హెచ్చరిక. వాట్లు పెంచడం కష్టం, బరువు తగ్గించడం సులువు అనుకుని తిండి మానేసే కుర్రాళ్లు నా దగ్గరికి వస్తున్నారు. రోజూ మూడు గంటలు తొక్కి రెండు పుల్కాలు తింటే హార్మోన్లు పడిపోతాయి, ఎముకలు బలహీనమవుతాయి, జ్వరాలు వదలవు. అన్నం తిను. పప్పు, గుడ్లు, పెరుగు తిను. జిమ్‌లో ఎవరో ఇచ్చిన డబ్బాలోని పొడి తాగొద్దు. అందులో నిషేధిత పదార్థం ఉండి నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షలో దొరికితే "నాకు తెలియదు" అంటే సరిపోదు. ఒంట్లో ఏముందో దానికి బాధ్యత ఆటగాడిదే.

మణికొండ_కిరణ్ | ఆదివారం సాయంత్రం 6:50

నేను వెళ్లి వచ్చినవాణ్ని. దాచుకున్న డబ్బుతో ఒక వేసవి మొత్తం బెల్జియంలో ఉన్నాను. జట్టు లేదు, సొంత ఖర్చు. ఫ్లాండర్స్ ఊళ్లలో కెర్మెస్ రేసులు జరుగుతాయి. ఊరి జాతరతో కలిపి పెడతారు. ఊరి చుట్టూ ఉన్న ఇరుకు రోడ్ల మీద ల్యాపులు, మొత్తం 110, 120 కిలోమీటర్లు. వేసవిలో వారంలో చాలా రోజులు ఎక్కడో ఒకచోట రేసు ఉంటుంది. మన దగ్గర ఏడాది మొత్తంలో దొరికే రేసులు అక్కడ ఒక నెలలో దొరుకుతాయి.

మొదటి రేసులో నాకు ఎదురైంది పక్కగాలి. గాలి పక్కనుంచి కొడితే ముందున్నవాళ్లు ఏటవాలుగా వరస కడతారు. రోడ్డు వెడల్పుకు పట్టినంతమందికే ముందువాడు గాలిని ఆపే ఆ నీడ. మిగతావాళ్లు రోడ్డు అంచున ఒకరి వెనక ఒకరు, దాదాపు పూర్తి గాలికి ఎదురుగా. నేను అంచున ఉన్నాను. వాట్లు నాకు తక్కువ లేవు, ఆ వరసలో చోటు దక్కించుకోవడం రాదు. పన్నెండేళ్ల వయసు నుంచి ఆ గాలిలో పెరిగిన పిల్లలకు అది వచ్చు. సీజన్ చివరికి నేనూ నేర్చుకున్నాను, గుంపుతో పాటు పూర్తి చేయగలిగాను. గెలుపు దగ్గరికి కూడా వెళ్లలేదు.

రాజు గారి ప్రశ్నకు నాకు జవాబు దొరికింది. ఆగస్టులో ఒక రేసులో చివరి ల్యాపులో నా కాళ్లు నిజంగానే అయిపోయాయి. అనుమానం లేదు, ఆ రోజు నేను ఏదీ దాచుకోలేదు. గుంపు వెళ్లిపోతుంటే చూస్తూ చాలా ప్రశాంతంగా అనిపించింది. తిరిగి వచ్చి ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు ఆదివారాలు తొక్కుతాను. ఇది సాయికి ఎందుకు చెప్తున్నానంటే, ఈ కోరికకు కూడా ఒక ముగింపు ఉండొచ్చు. జీవితమంతా ఇవ్వాల్సిన అవసరం లేదు. కొందరికి ఒక సీజన్ చాలు.

అక్కడ నేను చూసిన ఇంకో విషయం. నాతో అద్దె గదిలో ఉన్న కుర్రాళ్లలో పైకి వెళ్లినవాళ్లు అందరికంటే ఎక్కువ కలలు కన్నవాళ్లు కాదు. వర్షంలో మూడు గంటలు తొక్కి వచ్చి, సైకిల్ కడిగి, తిని, పడుకుని, మళ్లీ రేపు అదే చేయడం నచ్చినవాళ్లు. సాయీ, నీకు రేసు ఇష్టమని అర్థమైంది. రేసుకు రేసుకు మధ్య వచ్చే రోజులు ఇష్టమేనా?

తార్నాక_కోచ్ | ఆదివారం రాత్రి 9:30

కిరణ్ చివర అడిగిన ప్రశ్నే నేనూ అడుగుతాను.

ఓయూ వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ రేసుల ట్రాక్ మీద, పిల్లలకు నేర్పిస్తాను. నా అనుభవంలో పిల్లలు మూడు రకాల కారణాలతో వస్తారు. అమ్మానాన్న పంపితే, ఉద్యోగం కోసం, స్పీడ్ నచ్చి. ఏ కారణంతో వచ్చినవాడు నిలుస్తాడో ముందే చెప్పడం నావల్ల కాలేదు. ఉద్యోగం కోసం వచ్చి రేసు పిచ్చి పట్టినవాళ్లున్నారు. పిచ్చితో వచ్చి రెండో చలికాలం దాటనివాళ్లున్నారు. కారణం మారుతూ ఉంటుంది సాయీ. ఈ రోజు నాన్నకు చెప్పే జవాబు రెండేళ్ల తర్వాత అదే ఉండాలని లేదు, అందుకని ఇప్పుడు చెప్పేది అబద్ధమూ కాదు.

ఇక నిజాలు. యూసీఐ లెక్కలో జూనియర్ అంటే 17, 18. అండర్-23 అంటే 19 నుంచి 22. నీకు 23 కాబట్టి నేరుగా ఎలీట్. పెద్ద జట్లు వెతికేది జూనియర్లలో, అండర్-23లో. తలుపు మూసుకుపోయిందని కాదు, సన్నబడింది. బెంగళూరు నవీన్ జాన్ ఇంజినీరింగ్ చదివాక సీరియస్‌గా తొక్కడం మొదలుపెట్టి నేషనల్ టైమ్ ట్రయల్ ఛాంపియన్ అయ్యాడు, 2016లో దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో దిగాడు. నీ దారికి దగ్గరగా ఉన్నది అతనే. 2026 జనవరిలో పుణెలో యూసీఐ 2.2 స్థాయి స్టేజ్ రేసు (రోజుకో దశగా సాగేది) జరిగింది. మన గడ్డ మీదే విదేశీ కాంటినెంటల్ జట్ల పక్కన మనవాళ్లు తొక్కారు. నా తరానికి అది దొరకలేదు.

మన దేశం తరఫున ఒలింపిక్స్‌లో సైక్లింగ్‌కు చివరిసారి వెళ్లింది 1964లో. ఈ మాట పిల్లలకు మొదటి రోజే చెప్తాను. భయపెట్టడానికి కాదు. కొందరి కళ్లల్లో అది విన్నాక ఏదో మారుతుంది.

చింతల్_నాన్న | సోమవారం ఉదయం 7:20

కోచ్ సార్, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మాయికి 15. స్కూల్ మీట్‌లో గెలిచినప్పటి నుంచి సైక్లింగే అంటోంది. వచ్చే ఏడాది టెన్త్. రోడ్డు మీద పంపాలంటే నాకు టెన్షన్. చింతల్ నుంచి ఏ రోడ్డు చూసినా బస్సులు, ఆటోలే. ఖర్చు కూడా ఎంతవుతుందో తెలియదు. పంపాలా, ఆగమనాలా?

తార్నాక_కోచ్ | సోమవారం ఉదయం 8:00

పంపండి. ట్రాక్ మీదకు తీసుకురండి, అక్కడ బస్సులుండవు, బ్రేకులు కూడా ఉండవు. నవ్వకండి, ట్రాక్ సైకిల్‌కు నిజంగానే బ్రేకులుండవు. ఒకటే గేరు, పెడల్ ఆపితే చక్రం ఆగుతుంది, అందుకే అందరూ ఒకే వైపు ఒకే పద్ధతిలో తిరుగుతారు. మొదట్లో సైకిల్ కొనొద్దు. హెల్మెట్, గ్లవ్స్ చాలు.

అండమాన్ నికోబార్ దీవుల నుంచి వచ్చిన డెబోరా హెరాల్డ్ పేరు అమ్మాయికి చెప్పండి. 2004 సునామీ నుంచి చిన్నపిల్లగా బతికి బయటపడింది, తర్వాత 500 మీటర్ల టైమ్ ట్రయల్ ప్రపంచ ర్యాంకింగ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఆ దీవుల నుంచే వచ్చిన ఈసో అల్బెన్ 2018లో జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్‌లో (మోటార్ బండి వెనక వేగం అందుకుని చివర స్ప్రింట్ చేసే ట్రాక్ రేసు) రజతం తెచ్చాడు. మరుసటి ఏడాది అతను, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ కలిసి జూనియర్ టీమ్ స్ప్రింట్‌లో ప్రపంచ స్వర్ణం గెలిచారు. వీళ్లెవరూ పెద్ద నగరం పిల్లలు కారు. ట్రాక్ దొరికింది, చూసుకునేవాళ్లు దొరికారు.

టెన్త్ పరీక్షలకు ముందు రెండు నెలలు సెలవు ఇస్తాను. అది నా రూల్.

సునీత_మొయినాబాద్ | సోమవారం ఉదయం 9:10

చింతల్ నాన్నగారూ, అమ్మాయితో పాటు మీరూ ట్రాక్ దగ్గరికి వెళ్లండి. ఆడపిల్లలు ఆట మానేసేది ఇష్టం పోయి కాదు, ఎక్కువగా తీసుకెళ్లి తీసుకొచ్చేవాళ్లు లేక. కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి. శనివారాలు నేను అటు వస్తుంటాను.

అనంతగిరి_కింద | సోమవారం రాత్రి 8:40

నమస్తే అన్నలూ, అక్కలూ. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. ఇంటర్ సెకండ్ ఇయర్. మా ఊరు వికారాబాద్ పక్కన. ఆదివారం మీరంతా గుంపుగా అనంతగిరి ఎక్కుతుంటే చూస్తుంటాను. నాకు గేర్లు లేని సైకిల్ ఉంది, దాని మీదే కాలేజీకి వెళ్తాను. మీ వెనకే ఎక్కడం మొదలుపెట్టాను. మొదట మలుపు దగ్గరే వదిలేసేవాణ్ని. ఇప్పుడు మీలో వెనక ఉండేవాళ్లను పైకి వచ్చేలోపు దాటుతున్నాను. ఎందుకు చేస్తున్నావు అంటే నాకూ తెలియదు. ముందున్నవాళ్లను కూడా పట్టుకోవాలని ఉంది. ఈ రేసుల్లోకి రావాలంటే ఏం చేయాలి? మంచి సైకిల్ కొనడం ఇప్పుడు కుదరదు.

లాలాగూడ_రాజు | సోమవారం రాత్రి 8:55

నల్ల చొక్కా, చెప్పులతో తొక్కే కుర్రాడివి నువ్వేనా? నిన్ను చూశాను బాబూ. కిందటి నెల మలుపు దగ్గర నన్ను దాటావు. ఎవరీ కుర్రాడు అని పైన అందరినీ అడిగాను.

అనంతగిరి_కింద | సోమవారం రాత్రి 9:00

అవును సార్, నేనే.

డాక్టర్_వికాస్ | సోమవారం రాత్రి 9:20

గేర్లు లేని సైకిల్ మీద, చెప్పులతో, అనంతగిరి ఘాట్‌లో మా గ్రూపు వెనక సగాన్ని దాటుతున్నాడంటే ఈ కుర్రాడిని పరీక్షించాల్సిందే. నా క్లినిక్‌లో ట్రైనర్ ఉంది. ఫీజు అక్కర్లేదు. బినియమ్ గిర్మాయ్ ఎరిత్రియాలో ఆదివారం రేసులు తొక్కుతూ పెరిగాడు, స్విట్జర్లాండ్‌లోని యూసీఐ కేంద్రానికి వెళ్లాడు, 2024 టూర్‌లో మూడు స్టేజీలు, పాయింట్లలో మొదటివాడికిచ్చే గ్రీన్ జెర్సీ గెలిచాడు. గిర్మాయ్‌కు ముందు అస్మారా వీధుల్లో ప్రతి వారం రేసులు ఉన్నాయి, చూసే కళ్లు ఉన్నాయి. మన దగ్గర రేసులు తక్కువ. కనీసం చూసే కళ్లైనా ఉండాలి.

తార్నాక_కోచ్ | సోమవారం రాత్రి 9:35

పుట్టిన సంవత్సరం చెప్పు. జూనియర్‌లో నీకు ఇంకా ఎంత టైమ్ ఉందో చూస్తాను. స్టేట్ సెలక్షన్‌కు ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ కావాలి, రెండూ రెడీగా పెట్టుకో. అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను. నంబర్ ఇక్కడ పెట్టొద్దు, మెసేజ్ చెయ్.

నార్సింగి_సాయి | మంగళవారం రాత్రి 10:50

రెండు రోజులుగా అన్నీ చదువుతూనే ఉన్నాను. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకండి.

కిరణ్ అన్నా, నీ ప్రశ్నకు ముందు జవాబు. మధ్యలో వచ్చే రోజులు నాకు ఇష్టమే. పొద్దున నాలుగున్నరకు లేచి, ఒకే వేగంతో పదిహేను నిమిషాల చొప్పున మూడుసార్లు తొక్కి, లెక్క రాసుకుని, ఆఫీసుకు వెళ్లడం నాకు బరువుగా లేదు. రేసు లేని నెలల్లో కూడా అది మానలేదు. ఇది నేను రాసేదాకా నాకే ఇంత స్పష్టంగా తెలియదు.

వికాస్ గారూ, నిన్న ఇరవై నిమిషాల టెస్ట్ చేశాను. సగటులో 95 శాతం తీసుకుంటే 289 వాట్లు. బరువు 64. అంటే కిలోకు నాలుగున్నర. మీరు చెప్పిన 6కి చాలా దూరం. కానీ రెండేళ్ల కింద నేను 3 దగ్గర ఉన్నాను. ఎక్కడ ఆగిపోతానో తెలుసుకోవాలని ఉంది.

నాన్నతో మళ్లీ మాట్లాడాను. రాజు గారి మాటలే చెప్పాను, దాచుకోవడం ఎందుకు. ఆ రోజు చివర్లో నేను వదిలేశానా, అయిపోయానా నాకు తెలియదు నాన్నా, అది తెలిసేదాకా నేను కుదురుగా కూర్చోలేను, దానికి నాకంటే గట్టివాళ్ల మధ్య చాలా రేసులు తొక్కాలి అన్నాను. నాన్న కాసేపు ఊరుకుని, "ఎన్ని రోజులు పడుతుంది?" అన్నారు. ఇది మొదటి ప్రశ్న కంటే సులువైనది. అమ్మ మాత్రం లోన్ ఈఎంఐ ఎవరు కడతారని అడిగింది. ఆ ప్రశ్నకు కూడా జవాబు కావాలి.

అందుకని ఇలా అనుకుంటున్నాను. ఉద్యోగం ఇప్పుడే వదలను. నేషనల్స్ దాకా ఇలాగే, మేనేజర్‌తో మాట్లాడి ఉదయం ఆలస్యంగా లాగిన్ అయ్యేలా చూసుకుంటాను. ఈఎంఐ తీరేలోపు ఒక వేసవికి సరిపడా డబ్బు దాచి, కిరణ్ అన్న వెళ్లినట్టే వెళ్తాను. గదులు, రేసు ఎంట్రీలు, లైసెన్స్ ఎలాగో అన్న చెప్తే రాసుకుంటాను.

మణికొండ_కిరణ్ | మంగళవారం రాత్రి 11:15

చెప్తాను. ముందు ఒకటి. వెళ్లేముందు ఇక్కడే పక్కగాలిలో తొక్కడం నేర్చుకుని వెళ్లు. శంకర్‌పల్లి దాటాక చెట్లు లేని పొలాల మధ్య రోడ్డు ఉంది, జూన్, జూలైల్లో గాలి బాగా కొడుతుంది. ఆరుగురు దొరికితే చాలు, వరస కట్టడం నేర్పిస్తాను.

బీఆర్ఎం_భాస్కర్ | బుధవారం ఉదయం 6:30

నన్ను కూడా ఆ ఆరుగురిలో వేసుకోండి. రేసు చేయను గానీ గాలికి అడ్డం ఉంటాను.

లాలాగూడ_రాజు | బుధవారం ఉదయం 7:05

ఆదివారం ఎప్పటిలా అనంతగిరి. నాలుగున్నరకు లంగర్ హౌజ్ దగ్గర కలుద్దాం. అనంతగిరి కింద ఉండే బాబూ, నా పాత రేసింగ్ సైకిల్ ఒకటి అటక మీద ఉంది. గేర్లు సరిచేయించి, టైర్లు మార్చి కారులో తెప్పిస్తాను. చెప్పులు వద్దు, బూట్లు వేసుకుని రా. ఫ్రేమ్ నీకు సరిపోతుందో లేదో చూడాలి. నీ ఎత్తు ఎంత? గోడకు ఆనుకుని నిలబడి, నేల నుంచి తొడల మధ్య దాకా కాలి కొలత కూడా తీసి పెట్టు.

అనంతగిరి_కింద | బుధవారం ఉదయం 7:40

5 అడుగుల 6 అంగుళాలు సార్. కాలి కొలత సాయంత్రం పెడతాను. టేపు టైలర్ దగ్గర అడగాలి.